సెమిస్టర్ ఎక్స్చేంజ్‌కి సెలెక్ట్ చేశారు, తీరా క్రెడిట్లు ఇవ్వం అంటున్నారు. ఇలా అయితే ఈ ప్రోగ్రాములు ముందుకెలా పోతాయి?

రేపల్లె_రమ్య
బీటెక్ మూడో సంవత్సరం, ఈసీఈ. మా కాలేజీకి ఫ్రాన్స్‌లో ఒక యూనివర్సిటీతో ఎంవోయూ (ఒప్పందం) ఉంది. త్రీ-టూ (మూడో ఏడు రెండో) సెమిస్టర్ అక్కడ చదవడానికి నన్నూ ఇంకో అబ్బాయినీ సెలెక్ట్ చేశారు. అక్కడ ట్యూషన్ ఫీజు లేదు, ఇక్కడి ఫీజు ఇక్కడ కడితే చాలు. ఇంట్లో వాళ్లని ఒప్పించేసరికే తల ప్రాణం తోకకొచ్చింది. తీరా ఇప్పుడు ఎగ్జామ్ సెల్ వాళ్లు "అక్కడి సబ్జెక్టులు మన ఆర్23 సిలబస్‌లో లేవు, క్రెడిట్లు ఇవ్వలేం, వచ్చాక జూనియర్లతో కలిసి త్రీ-టూ మళ్లీ చదువుకో" అంటున్నారు. అటెండెన్స్ సున్నా పడుతుంది కాబట్టి డిటెన్షన్ అట. మరి ఎంవోయూ అయిన రోజు గేటు దగ్గర అంత పెద్ద ఫ్లెక్సీ ఎందుకు కట్టారు? ఏడాది పోగొట్టుకుని వెళ్లాలా, మానుకోవాలా? ఇలాంటిది ఎవరికైనా ఎదురైందా?

సిక్కోలు_చిన్నోడు
మీది అటానమస్ కాలేజీయా, యూనివర్సిటీ కింద అఫిలియేటెడా? ముందది చెప్పు.

రేపల్లె_రమ్య
అటానమస్.

సిక్కోలు_చిన్నోడు
అయితే పని మీ కాలేజీ చేతిలోనే ఉంది. సిలబస్ వాళ్లదే, బోర్డ్ ఆఫ్ స్టడీస్ వాళ్లదే, అకడమిక్ కౌన్సిల్ వాళ్లదే. అఫిలియేటెడ్ అయితే యూనివర్సిటీ చుట్టూ తిరగాలి, అది వేరే బాధ. మీకు ఆ బాధ లేదు. "కుదరదు" అన్నవాళ్లని ఏ రూల్ ప్రకారం కుదరదో కాగితం మీద రాసి ఇవ్వమను.

ఓరుగల్లు_వాసు
గిదే కథ మా తమ్మునికి అయ్యింది. సెలెక్టయిండు, పాస్‌పోర్ట్ తీసుకున్నడు, ఇయర్ లాస్ అయితదని ఇంట్ల అందరు భయపడితే ఆఖరికి ఆగిపోయిండు. ఆ సీటు ఖాళీగనే పోయింది. ఎన్ని ఎంవోయూలు ఉన్నయో బ్రోచర్ల ఏస్తరు గని, వాటి మీద ఎంతమంది పోయొచ్చిన్రో ఏ బ్రోచర్ల ఉండదు. నన్నడిగితే పిల్లల్ని చేర్పించేటప్పుడు తల్లిదండ్రులు అడగాల్సిన మొదటి ప్రశ్న గదే.

పాఠాల_మాస్టారు
నేనూ ఒక అటానమస్ కాలేజీలో పాఠాలు చెబుతాను, ఎక్స్చేంజ్ వ్యవహారాలు కూడా చూస్తాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా. రమ్యా, "సబ్జెక్టులు మన సిలబస్‌లో లేవు" అన్నది కారణమే కాదమ్మా. యూనిట్లతో సహా అచ్చు గుద్దినట్టు అవే సబ్జెక్టులు చదవాలంటే అంత దూరం వెళ్లడం దేనికి? చూడాల్సినవి రెండు. పిల్ల ఎన్ని గంటలు పనిచేసింది, డిగ్రీకి కావాల్సిన స్థాయికి తగినది నేర్చుకుందా లేదా.

గంటల సంగతి చూడండి. యూరప్‌లో ఏడాదికి 60 ఈసీటీఎస్ (అక్కడి దేశాల ఉమ్మడి పద్ధతి) క్రెడిట్లు, సెమిస్టర్‌కి 30. ఒక్కో క్రెడిట్‌కి క్లాసు, ల్యాబు, సొంతంగా చదువుకునేది అన్నీ కలిపి 25 నుంచి 30 గంటల పని. మన నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్‌లో ఏడాదికి 1200 గంటలు, 40 క్రెడిట్లు. సెమిస్టర్‌కి 20. అంటే సెమిస్టర్‌కి సెమిస్టర్ లెక్కన అక్కడి 30 ఇక్కడి 20కి సమానం, గంటలు చూస్తే అక్కడే ఎక్కువ. బీటెక్ మొత్తం 160 క్రెడిట్ల దగ్గర ఉంటుంది, ఎనిమిది సెమిస్టర్లకి పంచితే అదే 20. ఇంత సూటిగా కుదిరే లెక్కని పట్టుకుని "కుదరదు" అంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

ఇక పద్ధతి. దాన్ని లెర్నింగ్ అగ్రిమెంట్ అంటారు. వెళ్లే ముందే ఒక పట్టిక తయారవుతుంది. ఎడమ పక్క అక్కడ చదవబోయే కోర్సులు, కుడి పక్క వాటికి బదులుగా ఇక్కడ మాఫీ అయ్యేవి. దాని మీద మూడు సంతకాలు ఉంటాయి: విద్యార్థిది, పంపే కాలేజీది, చేర్చుకునే యూనివర్సిటీది. అక్కడికి వెళ్లాక టైమ్‌టేబుల్ కలవక ఒక కోర్సు మారితే మొదటి కొన్ని వారాల్లో అదే పట్టికని సవరించి మళ్లీ సంతకాలు తీసుకుంటారు. కోర్సుకి కోర్సు జత కుదరకపోతే రెండు ఓపెన్ ఎలెక్టివ్‌లు, ఒక ప్రొఫెషనల్ ఎలెక్టివ్, మినీ ప్రాజెక్టు అక్కడి కోర్సులతో మాఫీ చేసేసి, మిగిలిన ఒకటో రెండో కోర్ సబ్జెక్టులు వేసవిలో రాయించవచ్చు. మేం చేసేది అదే. సంతకాలు లేకుండా మాత్రం విమానం ఎక్కొద్దు.

ఓరుగల్లు_వాసు
మాస్టారూ, ఇంకొకటి. కేంద్ర ప్రభుత్వం నడిపే స్వయం పోర్టల్ల ఆన్‌లైన్ కోర్సు చేస్తే సెమిస్టర్ల 40 శాతం దాకా క్రెడిట్లు తీసుకోవచ్చని 2021లనే యూజీసీ చెప్పింది కద. ఇంట్ల ఫోన్ ముంగట కూసుంటే క్రెడిట్ ఇస్తరు, వేరే దేశంల ల్యాబుల నిలబడి నేర్చుకుంటే ఇయ్యరా?

పాఠాల_మాస్టారు
ఈ ముక్క అకడమిక్ కౌన్సిల్‌లో అలాగే అనాలి వాసూ.

కాకినాడ_అమ్మ
మా అమ్మాయి రెండో సంవత్సరం. నాకు క్రెడిట్ల గొడవ అంతగా తెలియదు, ఖర్చు సంగతి చెప్పండి. ఫీజు లేదు అంటారు గానీ మిగతాది ఎవరు పెట్టుకుంటారు? ఒక్కర్తినీ పంపితే అక్కడ కష్టం వస్తే ఎవరిని అడగాలి?

లియోన్_లావణ్య
ఆంటీ, నేను ఇలాగే ఒక సెమిస్టర్ లియోన్‌లో చదివాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. ఫీజు పోను గది అద్దె, తిండి, టికెట్, వీసా, ఇన్సూరెన్స్ మనవే. వీసాకి నెలకి కనీసం 615 యూరోలు చొప్పున ఉన్నట్టు చూపించాలి. ముందు క్యాంపస్ ఫ్రాన్స్ (ఫ్రాన్స్ ప్రభుత్వ సంస్థ) పోర్టల్‌లో అప్లికేషన్, వాళ్ల ఇంటర్వ్యూ, ఆ తర్వాతే వీసా. ఎక్స్చేంజ్ మీద వెళ్లేవాళ్లు అందరు విద్యార్థులూ కట్టే సీవీఈసీ రుసుము కట్టక్కర్లేదు. యూనివర్సిటీ క్యాంటీన్‌లో మేం ఉన్నప్పుడు భోజనం 3.30 యూరోలు. అన్నం దొరకదు, కానీ హాస్టల్లో ప్రతి అంతస్తుకీ వంటగది ఉంటుంది. ఆవకాయ సీసా మూత చుట్టూ టేపు మూడు చుట్లు వేయండి, మా ఫ్రెండ్ సూట్‌కేసు లోపల ఎర్రగా అభిషేకం అయిపోయింది.

కష్టం వస్తే ఎవరిని అడగాలంటే, అక్కడ ఇంటర్నేషనల్ ఆఫీసులో మనకంటూ ఒక మనిషి ఉంటారు, ఒక సీనియర్‌ని కూడా బడ్డీగా ఇస్తారు. నాకు ఇచ్చిన అమ్మాయి స్టేషన్‌కి వచ్చి, బ్యాంకు అకౌంట్ దాకా దగ్గరుండి తిప్పింది.

రమ్యా, మాస్టారు చెప్పనిది ఒకటుంది. మార్కుల మార్పిడి. ఫ్రాన్స్‌లో 20కి వేస్తారు. 10 వస్తే పాస్, 12 అంటే ఫర్వాలేదు, 14 అంటే బాగా చదివినట్టు, 16 దాటినవాళ్లు క్లాసుకి ఒకరో ఇద్దరో. మన ఎగ్జామ్ సెల్ వాళ్లు 14ని ఐదుతో గుణించి 70 శాతం అని పెట్టేస్తారు. నా మిగతా సెమిస్టర్లన్నీ తొమ్మిది పైన ఉంటే ఆ ఒక్క సెమిస్టర్ ఏడు దగ్గర పడిపోయింది. ప్లేస్‌మెంట్ షార్ట్‌లిస్టులో ప్రతిసారీ దాని గురించి చెప్పుకోవాల్సి వచ్చింది. కాబట్టి గ్రేడు ఎలా మారుస్తారో ఆ టేబుల్ కూడా ముందే రాయించుకో. లేదంటే క్రెడిట్లు మాత్రం ఇచ్చి ఆ సెమిస్టర్‌ని సీజీపీఏలో కలపకుండా వదిలేయమను. చాలాచోట్ల అలాగే చేస్తారు.

రేపల్లె_రమ్య
అక్కా, ఈ మార్కుల సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. చాలా థ్యాంక్స్.

జూబ్లీ_జయంత్
ఇంత తిప్పలు ఎందుకు అనేది నా ప్రశ్న. వీసా, టికెట్టు, గది, క్రెడిట్ల గొడవ. ఇకపై ఎక్స్చేంజ్ అంతా ఆన్‌లైన్‌లోనే. న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2006 నుంచే కాయిల్ పేరుతో రెండు దేశాల క్లాసులని ఇంటర్నెట్‌లో కలిపి ప్రాజెక్టులు చేయిస్తున్నారు. ఒకరిద్దరు వెళ్లే బదులు క్లాసు మొత్తం పాల్గొనవచ్చు. పేద పిల్లలకీ అందుతుంది. విమానాల పొగ కూడా తగ్గుతుంది.

లియోన్_లావణ్య
జయంత్ గారూ, నేను ఒప్పుకోను. మొదటి వారం సిగ్నల్ ప్రాసెసింగ్ ల్యాబులో నేను మాన్యువల్ కోసం వెతుక్కుంటున్నాను. మనకి ఇక్కడ ప్రయోగం, సర్క్యూట్, రావాల్సిన రీడింగ్ అన్నీ ముందే అచ్చు వేసి ఉంటాయి కదా. ప్రొఫెసర్ వచ్చి ఒక మైకు, ఒక బోర్డు బల్ల మీద పెట్టి "ఈ గదిలో ఫ్యాన్ చప్పుడు తీసేయండి" అని వెళ్లిపోయారు. నా పక్కన ఒక బ్రెజిల్ అబ్బాయి, ఒక ఫ్రెంచ్ అమ్మాయి. గంటసేపు ఎవరికీ ఏమీ తోచలేదు. ఆ అమ్మాయి లేచి ఫ్యాన్ ఆపేసి, "ఇప్పుడు వినండి, ఫ్యాన్ లేనప్పుడు కూడా ఇంకో చప్పుడు ఉంది" అంది. నిజమే, ట్యూబ్‌లైట్ గుయ్యిమంటోంది. అక్కడి నుంచి పని మొదలైంది. అది స్క్రీన్ మీద జరిగేది కాదు. సార్ చెప్పకుండా ఫ్యాన్ స్విచ్ ముట్టుకోవచ్చు అనేది నాకు అక్కడే తెలిసింది.

సిక్కోలు_చిన్నోడు
ఈ పోస్టు చదివి మా ల్యాబ్ రికార్డు గుర్తొచ్చింది. సీనియర్ రీడింగులు దింపేయడమే తప్ప మీటర్ ముట్టుకున్నది లేదు.

జూబ్లీ_జయంత్
లావణ్య గారు చెప్పింది కాదనను. కానీ మీ క్లాసులో మిగతా అరవై మంది సంగతి? వాళ్లకి ఏమీ లేకపోవడం కన్నా ఆన్‌లైన్‌లో కొంత ఉండటం మేలు కదా.

పాఠాల_మాస్టారు
ఇద్దరి మాటా నిలబడే దారి ఒకటుంది. ఎరాస్మస్ అనే యూరప్ విద్యార్థి మార్పిడి పథకంలో 2021 నుంచి బ్లెండెడ్ ఇంటెన్సివ్ ప్రోగ్రామ్ అని పెట్టారు. కొంత భాగం ఆన్‌లైన్, దాంతో పాటు 5 నుంచి 30 రోజులు అందరూ ఒకచోట కలిసి పనిచేయడం. సెమిస్టర్ అంతా ఇల్లు వదల్లేనివాళ్లకి అది సరిపోతుంది. అయితే ఆన్‌లైన్ ఉంది కదా అని సెమిస్టర్ ఎక్స్చేంజ్ ఎత్తేస్తే మాత్రం నేను ఒప్పుకోను. 1987లో ఎరాస్మస్ మొదలైనప్పుడు వెళ్లింది 11 దేశాల నుంచి 3,244 మంది. అక్కడి నుంచి ఇంత పెద్దదైంది ఇంటర్నెట్ వల్ల కాదు. వెళ్లొచ్చినవాడి చదువుని సొంత యూనివర్సిటీ లెక్కలో వేసుకోవడం వల్ల, వెళ్లేవాడి చేతిలో కొంత డబ్బు పెట్టడం వల్ల.

నల్లమల_నాగు
ఇక్కడ దాకా అందరి మాటా బాగానే ఉంది. నేను ఇంకో పిల్లవాడి గురించి అడుగుతా. వాడు ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతున్నాడు. బయోమెట్రిక్ హాజరు లేకపోతే ఆ ఫీజే రాదు. వాడు ఫ్రాన్స్‌లో ఉంటే ఇక్కడ వేలిముద్ర ఎవరు వేస్తారు? అంటే ట్యూషన్ ఫీజు లేని ప్రోగ్రామ్‌కి వెళ్లినందుకు ఇక్కడి ఫీజు మొత్తం సొంతంగా కట్టుకోవాలి. ఎవరు వెళ్తారు మరి? టెస్టులో మార్కులు వచ్చినవాళ్లు కాదు, నాన్న ఎఫ్‌డీ చూపించగలిగినవాళ్లు.

తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది, 20 లక్షల దాకా ఇస్తారు, చాలామంది జీవితాలు మారాయి, అందులో నా స్నేహితులూ ఉన్నారు. కానీ అది బయట పీజీ, పీహెచ్‌డీ పూర్తిగా చదివేవాళ్లకి. బీటెక్ మధ్యలో ఒక సెమిస్టర్‌కి అందులో పావలా వంతు ఇచ్చినా చాలు. ఆ పిల్లవాడు తిరిగొచ్చి ఇక్కడే డిగ్రీ పూర్తి చేస్తాడు, నేర్చుకున్నది ఇక్కడి క్లాసులోకే వస్తుంది. ఎక్స్చేంజ్ ప్రోగ్రాముల భవిష్యత్తు గురించి ఎవరు మాట్లాడినా నేను ముందు అడిగేది ఇదే: హాస్టల్ మెస్ బిల్లు కట్టడానికి కష్టపడే పిల్లకి అందులో చోటుందా?

కాకినాడ_అమ్మ
నాగు గారు చెప్పింది గుండెకి తగిలింది. మా ఆయన ఆర్టీసీ కండక్టర్. నా మనసులో ఉన్న మాటే మీరు రాశారు.

ఓరుగల్లు_వాసు
ఇంకో దందా గురించి కూడ చెప్పాలె. పది రోజులు నాలుగు నగరాలు తిప్పి, ఒక యూనివర్సిటీ గేటు ముంగట ఫొటో దింపి, సర్టిఫికెట్ చేతుల పెట్టి "గ్లోబల్ ఎక్స్చేంజ్" అంటున్నరు. మా కజిన్ దగ్గర లక్షల్ల తీసుకున్నరు. క్లాసు లేదు, క్రెడిట్ లేదు, అక్కడి పిల్లలతోని ఒక్క పూట కలిసి కూసున్నది లేదు. పేరెంట్స్ జర పైలం. అక్కడి యూనివర్సిటీ మార్కుల ట్రాన్స్క్రిప్ట్ ఇస్తదా అని అడగుండ్రి. ఇయ్యదంటే అది టూరు, చదువు కాదు.

బెర్లిన్_బాబాయ్
జర్మనీ అనుకునేవాళ్లకి రెండు మాటలు. ఒకటి, క్యాలెండర్. ఇక్కడ సమ్మర్ సెమిస్టర్ క్లాసులు ఏప్రిల్‌లో మొదలై జులై దాకా ఉంటాయి, పరీక్షలు ఆ తర్వాత కూడా సాగుతాయి. మీ ఫోర్-వన్ జులైలోనే మొదలవుతుంది, ప్లేస్‌మెంట్లూ అప్పుడే. వింటర్ సెమిస్టర్ అక్టోబర్‌లో మొదలై ఫిబ్రవరి దాకా. అదీ మన సెమిస్టర్‌కి అడ్డంగానే పడుతుంది. త్రీ-టూకి సరిగ్గా కుదిరేది జనవరిలో మొదలయ్యే ఫ్రాన్స్, స్వీడన్, ఫిన్లాండ్ లాంటివి. రెండు, డబ్బు. ఇక్కడ బ్లాక్డ్ అకౌంట్‌లో నెలకి 992 యూరోల లెక్కన ముందే వేయాలి, ఏడాదికి 11,904. ఖర్చుకి నెలనెలా మనకే వస్తుంది, కానీ ముందు చూపించడమే చాలామందికి గండం. డాడ్ (విద్యార్థి మార్పిడి చూసే జర్మనీ సంస్థ) స్కాలర్‌షిప్ దొరికితే ఆ గండం గట్టెక్కుతుంది.

డాలస్_దుర్గ
అమెరికా వైపు నుంచి. ఎక్స్చేంజ్ మీద వచ్చేవాళ్లకి సాధారణంగా జే-1 వీసా. ప్రభుత్వ డబ్బుతో వస్తే, చదువు అయ్యాక 2 ఏళ్లు సొంత దేశంలో ఉండాలనే షరతు పడుతుంది, అది తెలుసుకుని రండి. స్కిల్స్ లిస్టు (సొంత దేశానికి అవసరమైన నైపుణ్యాల జాబితా) వల్ల పడే ఇదే షరతు నుంచి మాత్రం 2024 డిసెంబర్‌లో భారత్‌ని తీసేశారు. 2025 మే 27న కొత్త విద్యార్థి, ఎక్స్చేంజ్ వీసాల ఇంటర్వ్యూ స్లాట్లు ఇవ్వడం ఆపేశారు. జూన్‌లో మళ్లీ మొదలుపెట్టారు కానీ సోషల్ మీడియా అకౌంట్లు పబ్లిక్‌గా పెట్టమన్నారు. పూర్తి డిగ్రీకి వచ్చేవాళ్లు ఒక సెమిస్టర్ వాయిదా వేసుకోగలరు. ఎక్స్చేంజ్ వాళ్లకి ఉన్నదే ఒక సెమిస్టర్, అది పోతే అవకాశమే పోయింది. మన కాలేజీలు ఒక్క దేశాన్నే పట్టుకుని కూర్చోకూడదు.

తార్నాక_తిరుమల
అందరూ మనం వెళ్లడం గురించే మాట్లాడుతున్నారు. ఎక్స్చేంజ్ అంటే ఇచ్చిపుచ్చుకోవడం కదా, మన దగ్గరికి ఎవరొస్తున్నారు? ప్రతిసారీ వాళ్లింట్లో భోంచేసి, ఒక్కసారీ వాళ్లని మనింటికి పిలవకపోతే ఆ చుట్టరికం ఎన్నాళ్లుంటుంది? ఫీజు మాఫీ అనేది సమానంగా అటూ ఇటూ వెళ్తేనే నిలబడుతుంది. మనం ఇద్దరిని పంపి వాళ్ల నుంచి ఒక్కరూ రాకపోతే రెండు మూడేళ్లకి అవతలి వాళ్లు సీట్లు తగ్గించేస్తారు.

స్విట్జర్లాండ్‌ని చూడండి. 2014లో వలసల మీద రెఫరెండం తర్వాత ఎరాస్మస్ నుంచి బయటపడింది. వెంటనే సొంత డబ్బుతో ఒక పథకం పెట్టుకుని, తమ పిల్లల్ని పంపడానికే కాదు, బయటి నుంచి తమ దగ్గరికి వచ్చేవాళ్లకి కూడా గ్రాంటు ఇచ్చింది. బ్రిటన్ ఎరాస్మస్ నుంచి బయటికొచ్చాక 2021లో పెట్టిన ట్యూరింగ్ స్కీమ్‌లో తమ పిల్లలు వెళ్లడానికే డబ్బు, వచ్చేవాళ్లకి లేదు. ఇప్పుడు 2027 నుంచి మళ్లీ ఎరాస్మస్‌లో చేరుతున్నారు. స్విస్ వాళ్ల ఆలోచన నాకు నచ్చింది. పిల్లవాణ్ని పంపాలనుకునేవాడు ముందు పిలవడం నేర్చుకోవాలి.

మన దగ్గర కుదరదనుకోకండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో స్టడీ ఇన్ ఇండియా ప్రోగ్రామ్ 1998 నుంచి ఉంది. అమెరికా పిల్లలు సెమిస్టర్ మీద వచ్చి మన వాళ్లతో కలిసి క్లాసుల్లో కూర్చున్నారు, కొందరు తెలుగు నేర్చుకుని వెళ్లారు. నేను అక్కడ ఎంఏ చేస్తున్నప్పుడు ఒకమ్మాయి షాప్‌కామ్‌లో (క్యాంపస్ షాపింగ్ కాంప్లెక్స్) "అన్నా, రెండు మిర్చి, చట్నీ ఎక్కువ" అని అడిగేది. వడ్డించేవాళ్లు మాకన్నా ఆమెకే ఎక్కువ వేసేవాళ్లు.

సిక్కోలు_చిన్నోడు
చట్నీ విషయంలో వివక్ష ఎప్పుడూ ఉంది.

నల్లమల_నాగు
తిరుమల గారూ, పిలవడం మంచి మాటే. కానీ వచ్చినవాళ్లకి ఏం చూపిస్తాం? మా కాలేజీ హాస్టల్‌లో ఆరు దాటితే గేటు మూసేస్తారు, ఆడపిల్లలకైతే ఇంకా ముందే. గదికి నలుగురు. లైబ్రరీ సాయంత్రం ఐదింటికి బంద్.

తార్నాక_తిరుమల
అందుకే అంటున్నా. బయటి పిల్లల కోసమైనా రాత్రి పదింటి దాకా లైబ్రరీ తెరిస్తే మన పిల్లలకీ తెరిచినట్టే. గేటు సంగతీ అంతే. వచ్చేవాళ్లకి చూపించడానికి కూడా మన దగ్గర మనకే చెందినవి ఉన్నాయి. పోచంపల్లి మగ్గాల దగ్గర టెక్స్‌టైల్ ఇంజనీరింగ్, గోదావరి డెల్టాలో నీటి యాజమాన్యం, జీడిమెట్ల ఫార్మా కంపెనీల్లో కెమికల్ ఇంజనీరింగ్. ఫ్రాన్స్ పిల్లవాడికి అక్కడి సర్క్యూట్ పాఠమే ఇక్కడా చెబితే రాడు. కాటన్ ఆనకట్ట కట్టిన ధవళేశ్వరంలో, ఇప్పటి బ్యారేజీ మీద నిలబెట్టి కాలువల లెక్క నేర్పితే వస్తాడు.

బెర్లిన్_బాబాయ్
ఇది నిజం. మా డిపార్ట్‌మెంట్‌లో భారత్ అంటే ఆసక్తి చాలా ఉంది. కానీ మన కాలేజీల వెబ్‌సైటులో ఇంగ్లిష్‌లో కోర్సు వివరాలు, క్రెడిట్లు, సెమిస్టర్ తేదీలు వెతికితే దొరకవు. ఈమెయిల్ పంపితే జవాబు రాదు. ఆ ఒక్క పేజీ సరిగ్గా పెట్టండి చాలు.

రేపల్లె_రమ్య
అందరికీ థ్యాంక్స్. హెచ్‌వోడీ మేడమ్‌ని కలిశాను. లెర్నింగ్ అగ్రిమెంట్ అనే పద్ధతి ఉందని చెబితే ఆవిడే ఆసక్తిగా అడిగారు. "అకడమిక్ కౌన్సిల్‌కి నోట్ పెడతాను, ముసాయిదా ఏదైనా ఉంటే తీసుకురా" అన్నారు. మాస్టారూ, మీ దగ్గర ఉందా?

పాఠాల_మాస్టారు
మేం పెట్టిందే ఇక్కడ రాస్తున్నా, మీ కాలేజీకి తగినట్టు మార్చుకోండి.

"ఎంవోయూ ఉన్న విదేశీ యూనివర్సిటీలో ఒక సెమిస్టర్ చదివే విద్యార్థి, వెళ్లే ముందు ఆమోదించిన లెర్నింగ్ అగ్రిమెంట్ ప్రకారం అక్కడ పాసైన కోర్సులకి 30 ఈసీటీఎస్‌కి 20 క్రెడిట్ల చొప్పున ఇక్కడ క్రెడిట్లు పొందుతారు. ఆ కోర్సుల గ్రేడ్లు ట్రాన్స్క్రిప్ట్‌లో విడిగా చూపుతారు, సీజీపీఏలో కలపరు. ఆ సెమిస్టర్‌కి విద్యార్థి ఆతిథ్య యూనివర్సిటీ హాజరు ధ్రువపత్రం సమర్పిస్తే దాన్నే ఇక్కడి హాజరుగా పరిగణిస్తారు."

ఇది ఒక్క విద్యార్థి కోసం మినహాయింపుగా కాకుండా రెగ్యులేషన్‌లో క్లాజుగా పెట్టమనండి. మినహాయింపు అయితే వచ్చే ఏడాది ఇంకో పిల్ల మళ్లీ ఇదే గుమ్మం ముందు నిలబడుతుంది.

నల్లమల_నాగు
మాస్టారూ, చివర ఇంకో వాక్యం కలపండి. "ఈ హాజరు ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి కూడా వర్తించేలా కాలేజీ సంక్షేమ శాఖకి లేఖ రాస్తుంది." కాలేజీ రాస్తే ఒకటి, పిల్లవాడు ఒక్కడే అర్జీ పట్టుకుని తిరిగితే ఒకటి.

పాఠాల_మాస్టారు
కలిపాను. మా కాలేజీ నోట్‌లో ఈ వాక్యం లేదు. సోమవారం మా ప్రిన్సిపాల్ దగ్గర కూడా పెడతాను.